ఎం.ఎస్. రోగులకు రోబో నడక: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, తిరుపతి నుంచి రైలెక్కి చెన్నైకి వచ్చే మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎం.ఎస్. - మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) రోగుల కుటుంబాలు ఫిజియోథెరపిస్టునైన నన్ను మొదట అడిగేది నడక సాధన చేయించే రోబో గురించే.

అపోహ: యంత్రమే కాళ్లను కదిలిస్తుంది గనుక రోగి ఊరికే నిలబడితే చాలు.

వాస్తవం: లోకోమాట్ వంటి యంత్రంలో శరీర బరువును కొంత మేర పైనుంచి పట్టీలు మోస్తుండగా, తుంటి, మోకాళ్ల వద్ద ఉన్న మోటార్లు ట్రెడ్‌మిల్ వేగానికి తగినట్లు కాళ్లను నడిపిస్తాయి. రోగి ప్రయత్నం మానుకున్నా అడుగులు ఆగవు. చిక్కంతా అక్కడే ఉంది. అందుకే రోగి పుంజుకునే కొద్దీ యంత్రం సాయాన్ని తగ్గిస్తూ పోతాం. పక్కన నిలబడిన తల్లికి ఇది నిర్దయగా తోచవచ్చు.

అపోహ: మామూలు ఫిజియోథెరపీ కన్నా రోబోయే మేలు.

వాస్తవం: ఇటలీలో నడక బాగా దెబ్బతిన్న 72 మందితో జరిగి, 2020లో ప్రచురితమైన పరిశోధనలో, నాలుగు వారాల్లో 12 సార్లు రోబోతో సాధన చేసినవారు థెరపిస్టు సాయంతో నేలపై నడిచినవారి కంటే ఎక్కువేమీ మెరుగుపడలేదు. అయినా ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలబడలేని వ్యక్తి చేత, మా నడుములు విరగకుండా, వందల అడుగులు వేయించగలగడం యంత్రానికున్న అసలు ప్రయోజనం. చేతికర్రతో నడిచేవారికి నేను నేలనే సూచిస్తాను.

అపోహ: సాధన మధ్యలో కాళ్లు బరువెక్కితే జబ్బు ముదిరినట్లే.

వాస్తవం: పైన కప్పి ఉండే మైలిన్ అనే పొర దెబ్బతిన్న నరాల్లో, ఒంటి వేడి కాస్త పెరిగినా సంకేతాలు మందగిస్తాయి. జర్మన్ నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ 1890లో వర్ణించిన ఈ స్థితి, ఒళ్లు చల్లబడగానే సర్దుకుంటుంది. కర్తరి ఎండల్లో మా రోగులు ఆటో దిగేసరికే సగం శక్తి పోగొట్టుకుంటారు. అందువల్ల ఆ నెలల్లో ఉదయమే, ఏసీ గదిలో, విరామాలిస్తూ చేయిస్తాం. ఒక రోజు దాటినా తగ్గని కొత్త బలహీనతను మాత్రం న్యూరాలజిస్టుకు చూపించి తీరాలి.

అపోహ: యంత్రం ఎవరికైనా సరిపోతుంది.

వాస్తవం: పట్టీలు ఒరుసుకునే చోట పుండ్లు, బిగుసుకుపోయిన కీళ్లు, పెళుసుబారిన ఎముకలు ఉన్నవారికి తగదు. స్టెరాయిడ్లు తరచూ వాడినవారికి ఎముకల సాంద్రత ముందే చూడాలి.

అపోహ: ఎన్ని సెషన్లు కొంటే అంత మంచిది.

వాస్తవం: నడవగలిగినవారి చేత మొదటి రోజే 25 అడుగుల (సుమారు ఏడున్నర మీటర్ల) దూరం నడిపించి సమయం రాసుకుంటాను. 12 సెషన్ల తర్వాత ఆ సమయం అయిదో వంతైనా తగ్గకపోతే, ప్యాకేజీ పొడిగించమని చెప్పను.