నైజీరియాలో సమ్మె, మధ్యలో మిషనరీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

విదేశీ సేవకు బయల్దేరే మన సిస్టర్లు, ఫాదర్లు మలేరియా గురించి అడుగుతారు, తిండి గురించి అడుగుతారు, సమ్మె గురించి మాత్రం ఎవరూ అడగరు. 2012 జనవరిలో నేను లాగోస్ శివార్లలో ఒక మిషన్ క్లినిక్‌లో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

అపోహ: సమ్మె అంటే మన బంద్ లాంటిదే, సాయంత్రానికి షట్టర్లు లేస్తాయి.

లేవవు. 2011లో తెలంగాణలో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నైజీరియాలో 2012 జనవరి 1న ప్రభుత్వం పెట్రోలు సబ్సిడీ ఎత్తేసింది. లీటరు 65 నైరాలున్నది రాత్రికి రాత్రి 140 దాటింది. 9వ తేదీ నుంచి నైజీరియా లేబర్ కాంగ్రెస్, ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ కలిసి నిరవధిక సమ్మెకు దిగాయి. అక్కడ పెట్రోలంటే బండికి పోసేది మాత్రమే కాదు. కరెంటును నమ్ముకోలేరు కాబట్టి ఇరుకు ఇళ్ళలో కూడా ఓ బుల్లి జనరేటర్ ఉంటుంది, దానికి జనం పెట్టుకున్న ముద్దుపేరు ‘ఐ బెటర్ పాస్ మై నైబర్’. బోరు మోటారు తిరగాలన్నా, మా టీకాల ఫ్రిజ్ చల్లగా ఉండాలన్నా పెట్రోలో డీజిలో ఉండాల్సిందే. ముడిచమురు అమ్ముకునే దేశం పెట్రోలు బయటి నుంచి కొనుక్కుంటోంది, మాకు దక్కే ఒక్క లాభమూ లాగేసుకున్నారు అన్నది అప్పటి జనం కోపం.

అపోహ: న్యాయం జనం వైపు ఉంటే మిషనరీ కూడా ఊరేగింపులో నడవాలి.

లాగోస్‌లోని ఒజోటాలో జరిగిన సమ్మె సభల్లో పాస్టర్ టుండే బకారే ముందు వరసలో ఉన్నారు, నిజమే. కానీ ఆయన ఆ దేశ పౌరుడు, మన జేబులో ఉన్నది సెర్ప్యాక్ కార్డు, అంటే విదేశీయులకిచ్చే నివాస అనుమతి. మనం ఓ ఫొటోలో దొరికితే ఇబ్బంది మనతో ఆగదు, అక్కడి చర్చి ఫాదర్‌కీ బిషప్ గారికీ చుట్టుకుంటుంది. అందుకని ఫేస్‌బుక్‌లో వీడియోలు పెట్టకండి. మాట్లాడాల్సింది స్థానిక సంఘం, అది మాట్లాడుతుంది కూడా.

అపోహ: సమ్మె చేసేవాళ్ళు వేరు, మన విశ్వాసులు వేరు.

ఇదెక్కడి లెక్కో నాకు అర్థం కాదు. ఒకాడా (అద్దె మోటార్‌సైకిల్) నడిపేవాడు, యూనియన్‌లో ఉన్న నర్సు, పోలీసు భార్య, దుకాణం మూతపడిన ఆవిడ, అందరూ ఆదివారం పూజలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అసలు తెలుగు మిషనరీ చరిత్రే చూడండి: 1903లో జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్ళింది తెలుగు కూలీల మధ్యకు. ఒప్పందం ముగిసిన కూలీల మీద వేసిన మూడు పౌండ్ల పన్నుకు వ్యతిరేకంగా 1913లో అక్కడ సమ్మె కట్టింది భారతీయ కూలీలే.

అపోహ: మిషన్ వ్యాను, పైన శిలువ గుర్తు, ఎవరూ ఆపరు.

ఆపుతారు. రోడ్డుకి అడ్డంగా టైర్లు తగలబెట్టి కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. బానెట్ మీద పచ్చటి కొమ్మ ఒకటి కట్టాలి, మేం మీకు వ్యతిరేకం కాదని దాని అర్థం. దూరం నుంచే వేగం తగ్గించి, అద్దం దించి, ముందు మనమే పలకరించాలి. మాటలు మాత్రం డ్రైవరుకే వదిలేయండి, అక్కడి వాడుక ఇంగ్లీషు పిడ్జిన్‌లో అతను నవ్వించి పని జరిపించుకుంటాడు. వెనక నొప్పులు పడుతున్న మనిషి ఉందంటే ఆ కుర్రాళ్ళే టైర్లు పక్కకి లాగుతారు. అంత అవసరం లేకపోతే బయటికి వెళ్ళకపోవడమే మేలు.

అపోహ: మరీ కష్టమైతే మనవాళ్ళు విమానం ఎక్కించేస్తారు.

విమానయాన సంఘాలూ సమ్మెలోనే ఉంటే ఎక్కడ ఎక్కుతారు? అబుజాలోని భారత హైకమిషన్‌లో పేరు ముందే నమోదు చేయించుకోండి, అంతవరకే మన చేతిలో ఉంది. బియ్యం బస్తాల గురించి టెన్షన్ పడేకంటే చిన్న నోట్లు, తాగేనీరు, డీజిలు, బీపీ, షుగరు మాత్రలు చూసుకోండి. బ్యాంకులు మూసేశాక పెద్ద నోటుకి చిల్లర పుట్టదు. ఆ ఏడాది శని, ఆదివారాలు సమ్మెకి విరామం ఇచ్చారు, కొనుక్కోగలిగింది ఆ రెండు రోజులే.

అపోహ: సమ్మె విరమించారు, ఇక మామూలే.

2012 జనవరి 16న పెట్రోలు 97 నైరాలకు దించారు, లాగోస్ వీధుల్లోకి సైన్యం వచ్చింది, సమ్మె ఆగింది. పెంచిన బస్సు చార్జీలు మాత్రం పెట్రోలు దిగినంత తేలిగ్గా దిగవు. 20న ఉత్తరాది నగరం కానోలో బోకో హరాం ఉగ్రవాదుల బాంబులు పేలాయి, ఉత్తరాన ఉన్న మిషన్లకు మళ్ళీ కర్ఫ్యూ. క్లినిక్‌లకైతే అసలు రద్దీ అప్పుడే మొదలవుతుంది: మాత్రలు అయిపోయి ఊరుకున్నవాళ్ళు, టీకా తేదీ దాటిన పిల్లలు, చెకప్‌కు రాలేకపోయిన గర్భిణులు అందరూ ఒక్కసారే వస్తారు. ఆ వారం ఎవరికీ సెలవు ఇవ్వకండి.