గట్టు మీది చెట్టు, మడిలోని నీడ

తెనాలి, రేపల్లె వైపు మాగాణుల్లో గట్టు మీది చెట్టు ఇప్పుడు తగాదా వస్తువు. ఒకప్పుడది ఆస్తి. మధ్యలో మారింది చెట్టు కాదు, వరి.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక డెల్టాలో వరి విస్తరించింది. అప్పటివన్నీ పొడుగు రకాలు. ఎరువంటే పశువుల పెంట, పచ్చిరొట్ట. గట్ల మీది కానుగ, వేప మండలు నరికి దమ్ము చేసిన బురదలో తొక్కేవారు. తుమ్మ నాగలికీ బండికీ పనికొచ్చేది. తాడి ఇంటికి దూలమయ్యేది, కప్పుకు ఆకు ఇచ్చేది, వేసవిలో ముంజెల సంగతి సరేసరి. పైగా తాడి నీడ పల్చన, పొద్దుతో పాటు జరిగిపోతుంది. చెట్టు మొదట్లో నాలుగు దుబ్బులు పలచబడినా రైతుకు గిట్టేది.

1966లో ఐఆర్‌-8 అనే పొట్టి వరి రకం వచ్చాక లెక్క తిరగబడింది. పొట్టి రకాల బలమంతా ఎక్కువ పిలకలు వేయడంలో, వేసిన నత్రజనిని గింజగా మార్చడంలో ఉంది. రెండింటికీ ఎండ కావాలి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరికీ అంతే. నీడలో పిలకలు తగ్గుతాయి, కాడ సాగి బలహీనపడుతుంది. పొట్ట దశ నుంచి గింజ గట్టిపడేదాకా వెలుతురు చాలకపోతే తాలు పెరుగుతుంది. ఆకుల మీద మంచు ఆలస్యంగా ఆరుతుంది గనక అగ్గితెగులుకూ వీలవుతుంది. ఈలోగా మండలు చేసే పని యూరియా బస్తా చేసిపెట్టింది, తాటాకు ఇళ్లు పోయాయి. చెట్టు ఇచ్చేది తగ్గింది, తీసుకునేది మాత్రం కళ్లకు కనబడుతోంది.

ఈ నష్టం ఎవరిదన్నది అసలు ప్రశ్న. డెల్టాలో సాగు చాలావరకు కౌలు రైతులదే. చెట్టు భూమి యజమానిది. నీడ పడిన మేరకు కూడా కౌలు బస్తాలు కొలిచేది సాగుదారు. మెట్ట ప్రాంతమైన నందిగామ, కంచికచర్ల వైపు కాగితం మిల్లుల గిరాకీతో సుబాబుల్ పొలాలకు పొలాలే ఆక్రమించింది. కానీ అక్కడ చెట్టే పంట, వరితో పేచీ లేదు. ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం వరి గట్ల మీద నల్లతుమ్మను రైతులు ఇప్పటికీ కావాలనే ఉంచుకుంటారు. దగ్గరలో దిగుబడి తగ్గినా కలపా వంటచెరకూ ఆ లోటు పూడుస్తాయి.

సార్వా (ఖరీఫ్ వరి) గింజ పాలుపోసుకుని ముదిరే కార్తీకంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. డిసెంబరు మూడో వారానికి విజయవాడలో మిట్టమధ్యాహ్నమైనా పది మీటర్ల చెట్టు నీడ ఎనిమిది మీటర్లకు పైగా ఉత్తరానికి పడుతుంది. అందుకే దక్షిణపు గట్టు చెట్టే ఎక్కువ చెరుపు. కొమ్మలు కోస్తే కొంత తగ్గుతుంది. వేర్ల పోటీ నీళ్లు నిలిచినంత కాలం పెద్దగా తెలియదు. నీరు తీసి, మిగిలిన తేమ మీద మినుము చల్లినప్పుడు బయటపడుతుంది. చెట్టును ఉత్తరపు గట్టున పెడితే తన మడికి నీడ తప్పుతుంది, అవతలి మడికి తగులుతుంది. ఉత్తరాన కాలువో డొంకో ఉన్న రైతుకే ఆ పద్ధతి కుదురుతుంది.