కడుపులో పురుగులకు డీఎన్ఏ పరీక్ష: 'నెగెటివ్' అని ఎప్పుడు అనొచ్చు? అపోహలు - వాస్తవాలు

కోవిడ్ పుణ్యమా అని కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పీసీఆర్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. ఆ మాటతో పాటు కొన్ని నమ్మకాలు కూడా జనంలో నిలిచిపోయాయి. మలంలో పురుగుల డీఎన్ఏ వెతికే పరీక్ష (ఇదీ పీసీఆరే, అంటే డీఎన్ఏను లక్షలసార్లు కాపీ చేసి గుర్తించే పద్ధతి) గురించి మాట్లాడితే అవే మళ్లీ వినిపిస్తాయి. తల్లిదండ్రులే కాదు, కొత్తగా చేరిన టెక్నీషియన్లు కూడా అలాగే అంటారు. నేను కర్నూలులో మాలిక్యులర్ ల్యాబులో పనిచేస్తున్నాను. తప్పుడు పాజిటివ్ అంటే అందరూ భయపడతారు. ఈ పరీక్షలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది తప్పుడు నెగెటివ్.

అపోహ: డీఎన్ఏ పరీక్ష కాబట్టి తప్పు చెప్పదు.

మిషన్ చూసేది ట్యూబులోకి వచ్చిన డీఎన్ఏను మాత్రమే. అది ట్యూబు దాకా రావడమే కష్టం. ఏలికపాము గుడ్డుకు పొరలు పొరలుగా గట్టి పెంకు ఉంటుంది, అందులో ఒక పొర కైటిన్. మట్టిలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా బతికించేది ఆ పెంకే. వైరస్‌ల కోసం తయారుచేసిన కిట్టు ద్రావణం దాన్ని సరిగా ఛేదించలేదు. ట్యూబులో సన్నటి పూసలు వేసి, మిషన్‌లో పెట్టి వేగంగా కుదిపి పెంకు పగలగొట్టాలి. అది చేయకుండా నెగెటివ్ రాస్తే, తాళం తీయకుండానే ఇంట్లో ఎవరూ లేరని చెప్పినట్టే.

రెండో అడ్డంకి మలంలోనే ఉంది. పిత్త లవణాలు, తిండి నుంచి వచ్చే కొన్ని సంక్లిష్ట చక్కెర పదార్థాలు డీఎన్ఏతో పాటు వచ్చి పీసీఆర్ ఎంజైమ్‌ను పనిచేయనివ్వవు. గుడ్లు ఉన్నా గ్రాఫ్ పైకి లేవదు. అందుకే డీఎన్ఏ తీయడం మొదలుపెట్టే ముందే ప్రతి శాంపిల్‌లో, మనుషుల్లో ఉండని ఒక డీఎన్ఏను తెలిసిన మోతాదులో కలుపుతాం. దీన్ని ఇంటర్నల్ కంట్రోల్ అంటాం. చాలా ల్యాబులు సీల్ జంతువులకు సోకే ఒక హెర్పిస్ వైరస్‌ను ఇందుకు వాడతాయి. అది రావాల్సిన చోట రాకపోయినా, బాగా ఆలస్యమైనా ఆ శాంపిల్‌కు నెగెటివ్ అనే హక్కు మనకు లేదు. డీఎన్ఏను పదిరెట్లు పలచన చేసి మళ్లీ పెట్టాలి, లేదా మొదటినుంచి తీయాలి. అప్పటికీ కుదరకపోతే రిపోర్టులో 'ఇన్‌వాలిడ్' అని రాయాలి.

ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరబడే విషయం ఒకటుంది. ఇంటర్నల్ కంట్రోల్ బాగా వచ్చిందంటే గుడ్లు పగిలాయని కాదు. వైరస్‌కు గుడ్డు పెంకు ఉండదు కాబట్టి పూసలు వేయకపోయినా దాని డీఎన్ఏ బయటికి వచ్చేస్తుంది. పెంకు పగిలిందో లేదో తెలియాలంటే, గుడ్లు ఉన్నాయని ముందే తెలిసిన మలాన్ని ప్రతి బ్యాచ్‌లో మిగతా శాంపిళ్లతో పాటు మొదటినుంచి చివరిదాకా నడిపించాలి. ఈ పని చేయని ల్యాబు ఇచ్చే నెగెటివ్‌ను నేను నమ్మను.

ఇంత పట్టు ఎందుకంటే, ఈ పరీక్షను ఎక్కువగా వాడేది ఒక్క మనిషి చికిత్స కోసం కాదు, ఊరి గురించి నిర్ణయం తీసుకోవడానికి. మన పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ పాలుపంచుకున్న డీవార్మ్3 అధ్యయనం (ఊరంతటికీ పురుగుల మాత్రలు ఇస్తే వ్యాప్తి ఆగుతుందా అని చూసినది) బెనిన్, మలావీ దేశాల్లో కూడా జరిగింది. పురుగుల వ్యాప్తి ఆగిందనడానికి అందులో పెట్టుకున్న గీత, క్యూపీసీఆర్‌లో (డీఎన్ఏ మోతాదును కూడా చూపే పీసీఆర్) 2 శాతం లేదా అంతకంటే తక్కువ మందికి పాజిటివ్ రావడం. అంత సన్నటి గీత దగ్గర కొన్ని శాంపిళ్లు తప్పినా లెక్క అటుదిటు అవుతుంది. ఆపకూడని చోట మాత్రలు ఆపేస్తారు.

అపోహ: మిషన్ కొత్తది, కంట్రోళ్లు అప్పుడప్పుడూ పెడితే చాలు.

ప్రతి ప్లేటులోనూ (శాంపిళ్లు పోసే చిన్న గుంటల పళ్లెం) పెట్టాల్సిందే. మలం లేకుండా కేవలం ద్రావణాలతో మొదటినుంచి నడిపిన బ్లాంక్ ఒకటి, డీఎన్ఏ బదులు నీళ్లు వేసిన గుంట ఒకటి. మొదటిది మాత్రమే పాజిటివ్ వస్తే కల్తీ డీఎన్ఏ తీసే దశలో జరిగినట్టు. రెండోది కూడా వస్తే పీసీఆర్ రసాయనాలనో, ప్లేటు నింపిన చోటునో అనుమానించాలి. పాజిటివ్ కంట్రోల్ (పురుగు డీఎన్ఏ ఉందని ముందే తెలిసిన నమూనా) బలహీనంగా ఉండేలా చూసుకోవాలి. రసాయనాలు సగం పాడైనా బలమైన కంట్రోల్ పాజిటివ్‌గానే వస్తుంది, మనం మోసపోతాం. దాని సీటీ విలువను (ఎన్నో కాపీ చక్రంలో సిగ్నల్ కనిపించిందో చెప్పే అంకె) రోజూ చార్టు మీద గుర్తుపెడితే, పరీక్ష పూర్తిగా పాడవకముందే జారుడు కనిపిస్తుంది.

అపోహ: సీటీ తక్కువుంటే పురుగులు ఎక్కువ.

కొంతవరకే నిజం. పరీక్ష సరిగా నడిస్తే, సీటీలో సుమారు 3.3 తేడా డీఎన్ఏలో పదిరెట్ల తేడాకు సమానం. కానీ గుడ్డు మారకుండా ఉండదు. మలం బయటికి వచ్చాక కొంకిపురుగు గుడ్డులో కణాలు విభజన చెందుతూనే ఉంటాయి, వేడికి ఒకటి రెండు రోజుల్లో లార్వా బయటికి కూడా వస్తుంది. గుడ్ల సంఖ్య అదే, డీఎన్ఏ పెరిగింది, సీటీ తగ్గింది. పైగా ఒక ల్యాబు పురుగు జీనోమ్‌లో వేలసార్లు పునరావృతమయ్యే భాగాన్ని వెతుకుతుంది, ఇంకొకటి వేరే భాగాన్ని. రెండు ల్యాబుల సీటీలను పక్కపక్కన పెట్టి పోల్చొద్దు.

అపోహ: శాంపిల్ ఎలా తెచ్చినా డీఎన్ఏకు ఏమీ కాదు.

రాయలసీమ ఎండలో డబ్బా మధ్యాహ్నం దాకా బైక్ డిక్కీలో ఉంటే ఏమవుతుందో పైన చెప్పినదాన్ని బట్టే ఊహించవచ్చు. ఫ్రిజ్ లేని ఊళ్లలో 95 శాతం ఇథనాల్ చాలా ఆచరణయోగ్యం. మలాన్ని అందులో బాగా కలపాలి, ముద్దగా వదిలేస్తే లోపలి భాగానికి ఇథనాల్ అందదు. ఫార్మలిన్ మాత్రం వద్దు. మైక్రోస్కోప్‌కు అది మంచిదే, పీసీఆర్‌కు డీఎన్ఏను పాడుచేస్తుంది. శాంపిళ్లు తెచ్చే ఆశా అక్కలకు ఈ రెండు డబ్బాల తేడా చెప్పాల్సిన బాధ్యత ల్యాబుదే.

అపోహ: ఇక మైక్రోస్కోప్ అక్కర్లేదు.

మైక్రోస్కోప్‌తో చూసే కాటో-కాట్జ్ పద్ధతిలో 41.7 మిల్లీగ్రాముల మలంలో గుడ్లు లెక్కపెట్టి 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో తెలుస్తుంది. ఎవరికి పురుగుల భారం ఎక్కువో చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు ఈ లెక్క మీదే ఉన్నాయి. స్లైడు చూడటం ఆలస్యమైతే గ్లిజరిన్ వల్ల కొంకిపురుగు గుడ్లు మాయమవుతాయి, అది దాని లోపం. పిల్లలకు రాత్రిళ్లు దురద పెట్టించే సన్నటి తెల్ల పురుగులకైతే ఈ రెండు మలపరీక్షలూ సరిపోవు. వాటి గుడ్లు మలద్వారం చుట్టూ ఉంటాయి కాబట్టి ఉదయాన్నే స్నానానికి ముందు టేపు అంటించి చూడాలి.

అపోహ: గోడ మీద ఎన్ఏబీఎల్ సర్టిఫికెట్ ఉంటే అన్ని పరీక్షలకూ గుర్తింపు ఉన్నట్టే.

ఎన్ఏబీఎల్ అంటే ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ. గుర్తింపు ఏ పరీక్షకు ఆ పరీక్షకే. గుర్తింపు పొందిన పరీక్షల జాబితాలో పురుగుల పీసీఆర్ ఉందో లేదో అడగండి. వైద్య ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189 ప్రకారం బయటి నుంచి వచ్చే గుర్తు తెలియని శాంపిళ్లతో ల్యాబు తనను తాను పరీక్షించుకోవాలి. అలాంటి ఏర్పాటు అందుబాటులో లేకపోతే ల్యాబులు ఒకదానికొకటి శాంపిళ్లు పంపుకుని పోల్చుకోవచ్చు. పురుగుల పీసీఆర్‌కు నెదర్లాండ్స్ నుంచి అలాంటి పథకం నడిచింది. ఈ పరీక్ష చేయాలనుకునే మన మూడు జిల్లాల ల్యాబులు దాని కోసం ఎదురుచూడనక్కర్లేదు. పేర్లు తీసేసి నంబర్లు మాత్రమే రాసిన కొన్ని ట్యూబులు చాలు. అందులో ఒకట్రెండు బాగా బలహీనమైన పాజిటివ్‌లు, ఒకటి గుడ్లే లేనిది ఉండాలి. కర్నూలు నుంచి అనంతపురానికి, అనంతపురం నుంచి కడపకు పంపి, ఫలితాలు వచ్చాకే ఏ ట్యూబులో ఏముందో చెప్పే జాబితా విప్పాలి.