అప్పుల సలహాదారు ఎవరి మనిషి?

పొదుపు చేయండి, బీమా కట్టండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మండలాల్లో జరిగే ఆర్థిక అక్షరాస్యత శిబిరాల్లో వినిపించేవి ఇవే. మంచి మాటలే, కాకపోతే అప్పు చేయకముందు పనికొచ్చేవి. నాలుగు చోట్ల బాకీ పడ్డవాడు ముందు ఎవరిది తీర్చాలని అడిగితే, పక్కన కూర్చుని లెక్క చూసేవారు అరుదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఈ లోటు ఇప్పటిది కాదు. ఇక్కడ అప్పు గురించి సలహా చెప్పినవాడు చాలాసార్లు అప్పిచ్చినవాడే.

నిజాం పాలనలో నాగుకు, అంటే ధాన్యం అప్పుగా, తెచ్చుకున్న గింజలకు పంట రాగానే ఒకటిన్నర రెట్లు కొలిచి ఇవ్వాల్సి వచ్చేది. 1349 ఫసలీలో, అంటే 1940 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారులకు లైసెన్సు ఉండాలని, లెక్కలు రాయాలని చట్టం వచ్చింది. రాసేది మాత్రం షావుకారే, చదివి వినిపించేదీ ఆయనే.

1997-98లో పత్తి చేలను పురుగు ఊడ్చేసినప్పుడు ఈ సంగతి ఎంత ప్రమాదకరమో బయటపడింది. ఏ మందు కొట్టాలో చెప్పింది మందుల దుకాణదారు, అరువిచ్చిందీ అతనే. పురుగు చావకపోతే మరో డబ్బా, ఖాతాలో మరో పద్దు. అడ్తిదారు, అంటే కమీషను వ్యాపారి, దగ్గర పెట్టుబడి తెచ్చుకున్న రైతు సరుకును వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఆయన ద్వారానే అమ్మాలి. అసలు, వడ్డీ, కమీషను పోగా మిగిలింది తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) మీద అడుగున కనిపించేది. ఆ ఏడాది జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చర్చకు వచ్చాయి. తర్వాత కమిషన్లు వచ్చాయి, మాఫీలు వచ్చాయి. మాఫీ బ్యాంకు అప్పుకే వర్తిస్తుంది, దుకాణం ఖాతాకు కాదు.

దీనికి భిన్నమైన దారి కూడా ఈ నేల మీదే పుట్టింది. 1956లో ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన సహకార సంఘం అప్పునూ, ఎరువులనూ, పంట అమ్మకాన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. 1990ల నుంచి సహవికాస అనే స్వచ్ఛంద సంస్థ వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మహిళల పొదుపు సంఘాలకు అండగా నిలిచింది. డబ్బు సభ్యులదే కాబట్టి ఎవరికి ఎంత ఇవ్వాలో, వడ్డీ ఎంతో వాళ్లే కూర్చుని తేల్చుకునేవారు. నా దృష్టిలో ఈ ప్రాంతం చూసిన అసలైన ఆర్థిక విద్య అదే.

ఆ తర్వాత సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. వారం వారం మీటింగు, వారం వారం కిస్తీ. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు తలా కొంత వేసుకుని కట్టాలి. వడ్డీ పదిహేను శాతమేనని చెప్పి పదివేలు ఇచ్చారనుకోండి. 1,500 కలిపి యాభై వారాలు, వారానికి 230. అసలు వారం వారం తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే పడుతుంది గనుక నిజమైన వడ్డీ ఏడాదికి సుమారు 29 శాతం. ఈ లెక్కను మీటింగులో చెప్పేదెవరు? ఒక సంస్థ కిస్తీకి ఇంకో సంస్థలో అప్పు చేయడం మామూలైపోయింది. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగానికి మించకూడదు. ఆ ఆదాయాన్ని అంచనా వేసేది మళ్లీ అప్పిచ్చే సంస్థే.

రిజర్వు బ్యాంకుకు ఈ చిక్కు తెలియక కాదు. 2009లో రుణ సలహా కేంద్రాలకు నమూనా పథకం ఇచ్చినప్పుడు, కేంద్రం తనను పెట్టిన బ్యాంకుకు ఎడంగా ఉండాలని, సేవ ఉచితంగా అందాలని చెప్పింది. 2012లో వాటిని ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలుగా మార్చడంతో బరువంతా శిబిరాల మీద పడింది. 2017లో స్వచ్ఛంద సంస్థలను కలుపుకొని మరో పథకం మొదలై, తర్వాత మూడు బ్లాకులకు ఒక కేంద్రం చొప్పున విస్తరించింది. అక్కడా బోధనదే పైచేయి.

అమెరికాలో లాభాపేక్షలేని రుణ సలహా సంస్థల జాతీయ సమాఖ్య 1951లోనే ఏర్పడింది. సలహాదారు అప్పిచ్చినవాళ్లతో మాట్లాడి వడ్డీ తగ్గించి, అన్నీ కలిపి నెలకు ఒకే కిస్తీగా కుదురుస్తాడు. అయితే వసూలైన సొమ్ములో కొంత వాటాను అప్పిచ్చిన క్రెడిట్ కార్డు కంపెనీలే ఆ సంస్థలకు ఇచ్చేవి. 2005 చట్టం దివాలా పిటిషన్‌కు ముందు సలహా తప్పనిసరి చేసింది. ఆ రోజుల్లోనే పేరుకు సేవ, లోపల వ్యాపారం చేస్తున్న పలు సంస్థల పన్ను మినహాయింపును అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. ఎడంగా ఉండాలన్న నిబంధన కాగితం మీద ఉంటే చాలదని అక్కడా తేలింది.

మన దగ్గర ఆ సలహాదారుకు చేతిలో చట్టం కూడా లేదు. 2016లో తెలంగాణ తెచ్చిన రుణ విమోచన కమిషన్ చట్టం చిన్న రైతులకు, వ్యవసాయ కూలీలకు, గ్రామీణ వృత్తిదారులకు ఉద్దేశించింది. హన్మకొండలో ఆటో కిస్తీ, చిట్టీ బాకీ, ఫోను యాప్ అప్పు మూడూ ఉన్నవాడు ఆ లెక్కలోకి రాడు. అతనికి మిగిలింది ఐపీ పెట్టడం, అంటే కోర్టులో దివాలా పిటిషన్ వేయడం. అది 1920 నాటి చట్టం, వకీలు ఫీజుకు మరో అప్పు చేయాలి. 2016 దివాలా స్మృతిలో ఏడాది ఆదాయం 60 వేలు, అప్పు 35 వేలు దాటని పేదలకోసం ఒక అధ్యాయం రాశారు. వ్యక్తులకు సంబంధించిన భాగంలో ఇంతవరకు అమల్లోకి తెచ్చింది కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలోనే.