పీచ్ కాబ్లర్: అపోహలు, వాస్తవాలు, కొన్ని చాదస్తాలు

జూన్ వచ్చిందంటే చాలు, అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పీచ్ పండ్ల పెట్టెల ఫొటోలు మొదలవుతాయి, ఆ వెనకే నాకు మెసేజ్‌లు. "తొక్క తియ్యాలా?", "గుడ్లు ఎన్ని వెయ్యాలి?", "నీళ్లు నీళ్లుగా వచ్చిందండీ, ఇప్పుడేం చెయ్యను?" ఇంట్లోంచే బేకింగ్ ఆర్డర్లు తీసుకుంటాను, వీకెండ్‌లో క్లాసులు చెప్తాను, కాబట్టి ఇవేవీ నాకు కొత్త కాదు. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఇక్కడే రాసేస్తున్నాను. నేను చూసినంతలో కాబ్లర్ (పండ్ల ముక్కలు, వాటిని కప్పే పిండి పొరతో అవెన్లో చేసే అమెరికా తీపి వంటకం) దగ్గర జనం కష్టపడేదంతా అక్కర్లేని చోట, తొందరపడేది మాత్రం సరిగ్గా ఆగాల్సిన చోట.

అపోహ: కాబ్లర్ అంటే 'పై' (pie, ఒత్తిన పిండి పొరలో పండ్లు పెట్టి బేక్ చేసేది) లాంటిదే. పిండి కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, ఒత్తి, అంత పని ఉంటుంది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కాబ్లర్ ఒక్క తీరుగా చెయ్యరు. కొందరు పిండిని 'పై' క్రస్ట్ (పిండి పొర) లాగే ఒత్తి పండ్ల మీద కప్పుతారు, కొందరు మెత్తటి బిస్కట్ పిండిని ముద్దలు ముద్దలుగా పైన వేస్తారు (ఇక్కడి బిస్కట్ అంటే మన చాయ్ బిస్కట్ కాదు, పొంగిన మెత్తటి బన్ను లాంటిది), ఇంకొందరు జారుగా పిండి కలిపి పోసేస్తారు. త్వరగా అయ్యేది ఈ మూడోది. ఒత్తడం లేదు, ఫ్రిజ్ లేదు, మిక్సర్ కూడా అక్కర్లేదు.

అవెన్‌ని 375 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 190 సెల్సియస్‌కి పెట్టండి. 9x13 అంగుళాల బేకింగ్ డిష్‌లో ఒక స్టిక్ బటర్ (113 గ్రాములు) వేసి, కరిగేదాకా అవెన్లో ఉంచండి. ఈలోపు కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు, కప్పు పాలు కలపండి, చిన్న ఉండలున్నా పర్లేదు. స్టవ్ మీద ఇంకో గిన్నెలో నాలుగు కప్పుల పీచ్ ముక్కలు, అరకప్పు పంచదార, టేబుల్ స్పూన్ నిమ్మరసం వేసి ఒక్క ఉడుకు రానివ్వండి. కరిగిన బటర్ మీద పిండి పొయ్యండి, దాని మీద పండ్లు రసంతో సహా వెయ్యండి, 40 నుంచి 45 నిమిషాలు బేక్ చెయ్యండి. మన చేతి పని పావుగంట, మిగతాదంతా అవెన్ పని. 'త్వరగా' అన్న మాట ఆ పావుగంటకే వర్తిస్తుంది, దీని గురించి కింద మళ్లీ మాట్లాడతాను.

అపోహ: కలపకపోతే బటర్ కింద, పండు పైన విడివిడిగా ఉండిపోతాయి.

క్లాసులో ఎంత చెప్పినా, వెనక్కి తిరిగి చూసేసరికి ఎవరో ఒకరు గరిటె పెట్టి తిప్పేస్తుంటారు. కలపకండి! పిండి బరువుకి బటర్ పక్కలకీ పైకీ వస్తుంది, అంచులు వేగినట్టు కరకరలాడేది దానివల్లే. పైన వేసిన పండ్లు బరువుగా ఉండి కిందకి దిగుతాయి, వేడికి బేకింగ్ పౌడర్ గ్యాస్ వదిలి పిండిని పొంగిస్తుంది, అది పండ్ల మధ్యలోంచి పైకి లేచి పొరలా కప్పేస్తుంది. అవెన్లో పెట్టేటప్పుడు పైన ఉన్న పండు తీసేటప్పటికి కిందుంటుంది. ముందే కలిపేస్తే బటర్ అంతా పిండిలో కలిసిపోయి అంచుల్లో ఆ కరకర పోతుంది, పండు ముక్కలతో బరువైన కేకులాంటిదేదో వస్తుంది. తినొచ్చు, కానీ కాబ్లర్ కాదు.

బేకింగ్ పౌడర్ లేదని వంటసోడా వేసేవాళ్లకి ఒక మాట. సోడా పని చెయ్యాలంటే పులుపు కావాలి, ఈ పిండిలో మామూలు పాలే తప్ప పులుపు లేదు, అందుకే సబ్బు రుచి వస్తుంది. అలాగే ఇక్కడి దుకాణాల్లో దొరికే సెల్ఫ్ రైజింగ్ పిండి వాడితే అందులో బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే ఉంటాయి, మళ్లీ వెయ్యకండి.

అపోహ: గుడ్డు లేకుండా ఎలా పొంగుతుంది?

ఇలాగే పొంగుతుంది. ఈ పద్ధతిలో గుడ్డు మొదట్నుంచీ లేదు, మనం తీసేసింది కాదు. అత్తగారు, అమ్మ వాళ్లు ఇండియా నుంచి వచ్చినప్పుడు గుడ్డు తినని వాళ్లకి ఏం చెయ్యాలా అని టెన్షన్ పడే వాళ్లకి నేను మొదట చెప్పే డెజర్ట్ ఇదే. అసలు చూసుకోవాల్సింది వేరే చోట. రెడీమేడ్ పై క్రస్టుల్లో కొన్నిటిలో లార్డ్, అంటే పంది కొవ్వు ఉంటుంది. పక్కన పెట్టే వెనిలా ఐస్‌క్రీముల్లో చాలావాటిలో గుడ్డు సొన ఉంటుంది, ఫ్రెంచ్ వెనిలా అని రాసి ఉంటే అనుమానమే అక్కర్లేదు. లేబుల్ వెనక్కి తిప్పి చదవండి.

అపోహ: తాజా పండ్లు లేకపోతే చెయ్యకపోవడమే మేలు. అందులోనూ జార్జియా (అట్లాంటా ఉన్న మా రాష్ట్రం) పండే కావాలి.

జార్జియా అభిమానం నాకూ ఉంది. ఈ రాష్ట్రాన్ని పీచ్ స్టేట్ అంటారు, 1995లో పీచ్‌ని అధికారికంగా రాష్ట్ర ఫలం చేశారు, 19వ శతాబ్దంలో ఇక్కడి మార్షల్‌విల్‌లో పుట్టిన ఎల్బర్టా రకం దేశమంతా పాకింది. కానీ అమెరికాలో పీచ్ పండ్లు ఎక్కువగా పండేది కాలిఫోర్నియాలో, చాలా ఏళ్లలో సౌత్ కరోలినా కూడా జార్జియాని దాటేస్తుంది. డబ్బా పీచ్ అయితే దాదాపు కాలిఫోర్నియా సరుకే.

ఆ డబ్బాని చిన్నచూపు చూడకండి. అమెరికాలో పీచ్ కాబ్లర్ డే అని జరుపుకునేది ఏప్రిల్ 13న, అప్పటికి జార్జియా తోటల్లో కోతే మొదలవదు, మే మధ్యలో గానీ రావు. మరి ఆ రోజు కాబ్లర్ దేంతో చేస్తారనుకున్నారు? 29 ఔన్సుల పెద్ద డబ్బాలు రెండు తెచ్చి, పాకం పూర్తిగా వంపేసి, నాలుగు కప్పుల ముక్కలు కొలుచుకోండి. స్టవ్ మీద ఉడికించే పని లేదు, పండ్లకి వేసే పంచదార పూర్తిగా మానేయండి, నిమ్మరసం మాత్రం తప్పకుండా పిండండి, ఎందుకంటే డబ్బా పండులో లేనిదల్లా ఆ పులుపే.

ఫ్రోజెన్ కూడా బాగుంటుంది, ఒక్క జాగ్రత్తతో. అవెన్లోంచి తీసిన వేడి గాజు డిష్‌లో గడ్డకట్టిన పండ్లు వేస్తే గాజు పగిలే ప్రమాదం ఉంది, సరదాకి చెప్పడం లేదు. ముక్కల్ని గిన్నెలో కరిగించి, వేడి చేసి, అప్పుడు వెయ్యండి. పాలు కూడా ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే కాకుండా కాసేపు బయట పెట్టినవి వాడండి.

అపోహ: ఎర్రగా ఉన్న పండు బాగా పండినట్టు.

ఎరుపు రకాన్ని బట్టి, ఎండని బట్టి వస్తుంది. చూడాల్సింది ఎరుపు లేని చోట, తొడిమ చుట్టూ ఉండే రంగు. అక్కడ పచ్చదనం ఉంటే కాయ, పసుపు తిరిగితే పండు. ఆ తర్వాత వాసన చూడండి, వాసన లేని పీచ్ పండులో రుచి కూడా ఉండదు. గట్టిగా ఉన్నవి తెచ్చి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేస్తే లోపల పిండి పిండిగా అయిపోయి ఇక ఎప్పటికీ రసం పట్టవు. కాగితం సంచిలో రెండు మూడు రోజులు బయటే ఉంచండి, పండాక కావాలంటే ఫ్రిజ్. కాబ్లర్‌కి మాత్రం పూర్తిగా మెత్తబడకముందే, నొక్కితే కొంచెం లొంగే పండు మంచిది. ఇంకోటి, సీజన్ మొదట్లో వచ్చేవి టెంకని పట్టుకుని వదలని రకాలు, కొయ్యడం నరకం. జూన్ సగం దాటాక టెంక ఊడొచ్చే రకాలు వస్తాయి, పెద్ద గుంపుకి చెయ్యాలంటే అప్పటిదాకా ఆగండి.

అపోహ: తొక్క తియ్యాల్సిందే.

అక్కర్లేదు. నూగు పోయేలా బాగా రుద్ది కడిగితే చాలు. తొక్కతో ఉడికిస్తే రసానికి గులాబీ రంగు కూడా వస్తుంది. పంటికి తగిలితే నచ్చదంటే కాయ అడుగున కత్తితో ఇంటూ గుర్తు గీసి, మరిగే నీళ్లలో అర నిమిషం నుంచి నిమిషం, తర్వాత ఐసు నీళ్లలో వేస్తే చేత్తోనే వచ్చేస్తుంది. అంతే.

అపోహ: నీళ్లు నీళ్లుగా ఉందంటే రెసిపీ తప్పు, కార్న్‌ఫ్లోర్ ఇంకో రెండు చెంచాలు వెయ్యాలి.

నాకు వచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువ ఇదే, పది నిమిషాల క్రితం అవెన్లోంచి తీసిన డిష్ ఫొటోతో సహా. పొగలు కక్కుతుంటే గరిటె దింపి, రసం పారుతోందని కంగారు పడుతున్నారు. వేడి మీద ఏ పాకమైనా పల్చగానే ఉంటుందండీ. పండ్లలో సహజంగా ఉండే పెక్టిన్ (జామ్‌ని గట్టిపరిచేది), పిండిలోని గంజి చిక్కబడేది చల్లారే కొద్దీ. కనీసం అరగంట వదిలెయ్యండి. మీరు తొందరపడకూడదని మొదట్లో నేనన్న చోటు ఇదే, పావుగంటలో పని ముగించిన వాళ్లు ఈ అరగంట దగ్గర ఓడిపోతారు. పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకి) పట్టుకెళ్లేది అయితే దారిలోనే ఆ అరగంట అయిపోతుంది, అందుకే ఇది పాట్‌లక్ వంటకం.

అరగంట తర్వాత కూడా పారుతుంటే అప్పుడు ఆలోచించాలి. పైన బంగారు రంగు చూసి తీసేశారా? రంగు అంచుల్లో ముందే వస్తుంది, నడిమధ్యలో కూడా రసం బుడగలు వస్తేనే ఉడికినట్టు. థర్మామీటర్ ఉన్నవాళ్లు మధ్యలో పిండికి గుచ్చి చూడండి, 200 ఫారన్‌హీట్ దగ్గర ఉండాలి. పైన ముందే మాడుతుంటే ఫాయిల్ కప్పండి గానీ బయటికి తియ్యకండి. పండ్లు మరీ రసం ఊరేవైతే స్టవ్ మీద ఉన్నప్పుడే టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి నీళ్లలో కలిపి వేసి ఉడికించండి. అమెరికాలో కార్న్ స్టార్చ్ అని రాసి ఉన్నదే కొనాలి, ఇక్కడ కార్న్‌ఫ్లోర్ అని అమ్మేది మొక్కజొన్న పిండి, చాలామంది ఇక్కడ దెబ్బతింటారు.

అపోహ: దాల్చినచెక్క దండిగా పడాలి.

యాపిల్ అలవాటు ఇది. పీచ్ వాసన చాలా సున్నితం, టీస్పూన్ దాల్చినచెక్క పడితే ఇక వచ్చేది దాల్చినచెక్క కాబ్లరే. చిటికెడు చాలు. నేనైతే యాలకుల పొడి వేస్తాను, అదీ పాయసంలో వేసినంత కాదు.

హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగేవాళ్లకి: ఎండాకాలంలో హిమాచల్, ఉత్తరాఖండ్ పండ్లు పెద్ద దుకాణాల్లో దొరుకుతాయి, లేకపోతే డబ్బా. చిన్న ఓటీజీలో (టేబుల్ మీద పెట్టుకునే కరెంటు అవెన్లో) 9x13 పట్టదు, అన్నీ సగం చేసి 8 అంగుళాల చదరపు గిన్నెలో పెట్టి, 35 నిమిషాల నుంచి చూస్తూ ఉండండి. కింద పైన రెండు రాడ్లూ వెయ్యాలి. బంగినపల్లితో చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు, ఉడికించకుండా, పంచదార లేకుండా, నిమ్మరసం రెట్టింపు చేసి.

మిగిలింది పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, లేదంటే ఆవిరికి పైపొర తడిసిపోతుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మెత్తగా సాగుతుంది, 350 ఫారన్‌హీట్‌లో పదిహేను నిమిషాలు అవెన్లో పెడితే అంచులు మళ్లీ కరకరలాడతాయి.