కిటుకంతా మూతలోనే

బ్లూటూత్ సెన్సార్ ఒకటి తయారుచేసి, అది ఎంత బలహీనమైన సంకేతాన్ని అందుకోగలదో కొలవాలంటే ముందు కావలసింది నిశ్శబ్దం. నగరంలోని అపార్ట్‌మెంట్‌లో, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర అది దొరకదు. ఇంటింటి వైఫై, చెవుల్లోని ఇయర్‌బడ్స్, వైర్‌లెస్ మౌస్‌లు అన్నీ ఆ ఇరుకులోనే మాట్లాడుకుంటాయి. పొద్దున వచ్చిన కొలత సాయంత్రానికి మారిపోతుంది. అందుకే పరికరాన్ని లోహపు పెట్టెలో పెట్టి పరీక్షిస్తారు. అలాంటి పెట్టెను ఇంట్లోనో కాలేజీ ల్యాబులోనో కట్టుకోవచ్చు. చిక్కల్లా, చాలామంది తమ డబ్బునూ శ్రమనూ గోడల మీద ఖర్చుపెట్టి మూతను గాలికి వదిలేస్తారు.

ముందు ఎంత అడ్డుకోవాలో లెక్క తేల్చుకోవాలి. చిన్న బ్లూటూత్ పరికరం సాధారణంగా 1 మిల్లీవాటు శక్తితో ప్రసారం చేస్తుంది. మంచి రిసీవర్ అందులో సుమారు 300 కోట్లలో ఒక వంతును కూడా పసిగడుతుంది. డెసిబెల్స్‌లో చెబితే అది మిల్లీవాటు కంటే 95 తక్కువ. ప్రతి 10 డెసిబెల్స్‌కూ శక్తి పదో వంతుకు పడిపోతుంది. మీటరు దూరం గాలిలో ప్రయాణించేసరికే 40 డెసిబెల్స్ పోతాయి. మిగిలిన 55 పెట్టె మింగాలి. అంటే 60 డెసిబెల్స్ అడ్డుకునే పెట్టె ఉంటే పక్కనున్న మరో బ్లూటూత్ పరికరం బొటాబొటిగా వినబడకుండా పోతుంది. వైఫై రౌటర్ 100 మిల్లీవాట్లతో అరుస్తుంటే ఇంకో 20 కావాలి. ఆ 20ని పెట్టెలో వెతకనక్కర్లేదు, రౌటర్‌ను మీటరు నుంచి పది మీటర్ల దూరానికి జరిపితే చాలు. ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. కొద్దిపాటి డేటాను చాలా దూరం పంపే లోరా రేడియో చిప్‌లు మాత్రం మిల్లీవాటుకు 137 డెసిబెల్స్ కింద ఉన్న సంకేతాన్ని కూడా పట్టగలవు. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో వాటి సున్నితత్వాన్ని కొలవాలనుకుంటే ఇంటి పెట్టె మీద ఆశ పెట్టుకోవద్దు.

శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే 1836లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో లోహం కప్పిన 12 అడుగుల ఘనాకారపు గది కట్టించి, బయటి భాగాన్ని విద్యుత్తుతో నింపి, తాను లోపల కూర్చుని పరీక్షించాడు. లోపల విద్యుత్తు జాడ లేదు. ఆయనది స్థిర విద్యుత్తు. మన దగ్గర క్షణానికి కొన్ని వందల కోట్లసార్లు దిశ మార్చుకునే ప్రవాహం. అది లోహం లోతుకు దిగదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో దాదాపు 1.3 మైక్రోమీటర్లు, అల్యూమినియంలో 1.7 మైక్రోమీటర్లు చొచ్చుకుపోయేసరికి మూడో వంతుకు నీరసిస్తుంది. చపాతీలు చుట్టే రేకు పది మైక్రోమీటర్లకు పైనే ఉంటుంది. కాబట్టి ఆ పల్చటి రేకే సరిపోతుంది. మందపాటి ఇనుప గోడలు పెట్టెకు బలాన్నిస్తాయే గాని, ఈ పౌనఃపున్యం దగ్గర వాటి వల్ల అదనంగా ఒరిగేది లేదు.

అసలు కథ అతుకుల దగ్గర మొదలవుతుంది. గోడ మీద పారే ప్రవాహానికి సందు అడ్డొస్తే అది చుట్టూ తిరిగి పోవలసి వస్తుంది, అప్పుడా సందే ప్రసారం మొదలుపెడుతుంది. ఇక్కడ ముఖ్యం సందు వెడల్పు కాదు, పొడవు. కాగితమంత సన్నని సందైనా పొడవు 6 సెంటీమీటర్లు ఉంటే, అంటే సగం తరంగదైర్ఘ్యమంత ఉంటే, అది చక్కటి యాంటెన్నా. కంచే చేను మేసినట్టు. ఆ పొడవును పదో వంతుకు తగ్గించినా దక్కేది 20 డెసిబెల్స్ చిల్లర మాత్రమే. మూతకు నాలుగు మూలలా నాలుగు మరలు బిగించి సంతృప్తి పడేవారికి ఈ లెక్క చెప్పాలి: రెండు మరల మధ్య దూరమే మీ సందు పొడవు. మూత అంచు చుట్టూ లోహం లోహాన్ని ఎడతెగకుండా తాకాలి. రంగు ఉంటే గీకేయాలి. అల్యూమినియం మీద యానోడైజింగ్ పూత ఉంటే అదీ పోవాలి, అది విద్యుత్ నిరోధకం. బెరీలియం రాగితో చేసిన స్ప్రింగు పట్టీ గాని, వాహక గాస్కెట్ (విద్యుత్తును పోనిచ్చే మెత్తటి పట్టీ) గాని వేస్తే పని సులువవుతుంది. రాగి టేపు కొనేటప్పుడు దాని జిగురు కూడా విద్యుత్తును పోనిస్తుందో లేదో అడగాలి. పోనివ్వకపోతే అంచుల వెంట టంకం పెట్టాల్సిందే.

ఇంత చేసి, గోడకు చిల్లు పొడిచి యూఎస్‌బీ తీగను లోపలికి లాగితే అంతా వృథా. తీగ బయట యాంటెన్నాలా సంకేతాన్ని పట్టి లోపల వెదజల్లుతుంది. కరెంటుకు లోపలే బ్యాటరీ పెట్టడం మేలు. డేటాకు నాకు నచ్చే మార్గం ఆప్టికల్ ఫైబర్. దాన్ని 6 మిల్లీమీటర్ల లోవ్యాసం, 24 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లోహపు గొట్టంలోంచి పంపాలి. అంత ఇరుకు గొట్టంలోంచి సుమారు 29 గిగాహెర్ట్జ్ దాటిన తరంగాలే సాఫీగా పోగలవు. మన 2.4 గిగాహెర్ట్జ్ తరంగం అందులో వంద డెసిబెల్స్‌కు పైగా పోగొట్టుకుంటుంది, కాంతి మాత్రం హాయిగా దాటుతుంది.

మైక్రోవేవ్ ఓవెన్‌నే పెట్టెగా వాడమనే సలహా తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. అమెరికా నిబంధన ప్రకారం దాన్నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్ల వరకు లీకవచ్చు. మనిషికి అది ఫరవాలేదు గాని బ్లూటూత్ లెక్కలో వరద. తలుపు అంచులో లీకును ఆపే అమరిక కూడా 2.45 గిగాహెర్ట్జ్‌కే కొలిచి చేసింది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుకు 1998 నుంచి అప్పుడప్పుడూ వింత సంకేతాలు చిక్కేవి. అక్కడివారే వాడే ఓవెన్ ఆగకముందే తలుపు తెరవడం వాటికి కారణమని 2015లో తేలింది.

లోపలి సంగతి కూడా ఉంది. బయటి రొద ఆగినా లోపలి తరంగం గోడలకు తగిలి తిరిగొస్తూనే ఉంటుంది. 30×30×20 సెంటీమీటర్ల పెట్టె 700 మెగాహెర్ట్జ్ నుంచే ప్రతిధ్వనిస్తుంది. పరికరాన్ని మూడు సెంటీమీటర్లు జరిపితే కొలత తలకిందులు కావచ్చు. తరంగాన్ని పీల్చుకునే కార్బన్ నురుగు పలకలు కొంత ఆదుకుంటాయి. ఇంకా మంచిది, యాంటెన్నాలను పక్కన పెట్టి కోయాక్సియల్ తీగ (టీవీ కేబుల్ లాంటిది), సంకేతాన్ని కొలిచినట్టు తగ్గించే అటెన్యుయేటర్ల ద్వారా సంకేతాన్ని రిసీవర్‌కు నేరుగా అందించడం. యాంటెన్నా ఎటువైపు ఎంత ప్రసారం చేస్తుందో మాత్రం ఈ పెట్టెలో కొలవకండి.

పెట్టె పనితనం తెలుసుకోవడానికి లోపల ఫోను పెట్టి రింగ్ చేసి చూస్తే ‘వచ్చింది, రాలేదు’ అనే జవాబే దొరుకుతుంది. దానికి బదులు లోపల బ్లూటూత్ బీకన్ (పదేపదే సంకేతం పంపుతుండే చిన్న పరికరం) పెట్టి, బయట ఫోనులో సంకేత బలం చూపే యాప్ తెరవండి. మూత తీసి ఒకసారి, మూసి ఒకసారి చూస్తే ఆ రెంటి తేడాయే మీ పెట్టె ఇచ్చే డెసిబెల్స్. మూశాక బీకన్ అసలే కనబడకపోతే, తేడా అంతకంటే ఎక్కువని మాత్రమే అర్థం. ఇంకా కనబడుతుంటే ఫోనును అంచు వెంట నెమ్మదిగా తిప్పండి. ఎక్కడ అంకె పెరిగిందో అక్కడ మూతను వేలితో నొక్కిపట్టండి. అంకె పడిపోతే, ఇంకో మర అక్కడే కావాలి.