కట్టు తప్పిన గుంటడి గురించి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో హైస్కూలు, ఇంటరు చదువుతున్న మన పిల్లలకు ఆశీస్సులు.

పదో తరగతిలో ఒకమ్మాయి బ్యాగులోంచి ఐదొందల నోటు పోయిందనుకోండి. వెతికితే వెనక బెంచీ గుంటడి జేబులో దొరికింది. మర్నాటికల్లా వాడి పేరు ముందు ‘దొంగ’ అన్న మాట చేరిపోతుంది. తర్వాత ఎవరి పెన్ను పోయినా చూపులన్నీ వాడివైపే. వాడొచ్చి కూర్చోగానే పక్కవాడు తన బ్యాగు ఒళ్లోకి లాక్కుంటాడు. అలా లాక్కోవడం కూడా శిక్షే. ఎన్నాళ్లు పడాలో ఎవరూ చెప్పని శిక్ష. అందుకే ఈ ఉత్తరం.

ఆ గుంటడిలా కట్టుబాటు దాటడాన్ని సమాజశాస్త్రం చదివినవాళ్లు విచలనం అంటారు. మనవాళ్ల మాట ‘కట్టు తప్పడం’. నాకు ఈ మాటే నచ్చుతుంది. నలుగురూ కలిసి కట్టుకున్నది కట్టుబాటు. కట్టినవాళ్లు మనుషులే కాబట్టి, ఆ కట్టు ఎప్పుడూ ఒకచోటే ఉండదు.

విజయనగరం సంగతే చూడండి. 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చువేసినప్పుడు గురజాడ అప్పారావు గారు ముందుమాటలో ఒక లెక్క ఇచ్చారు. మహారాజు ఆనంద గజపతి తీయించిన జాబితా అది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాలు 1034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ఖరీదు 350 నుంచి 400 రూపాయలు. ఆ తండ్రులు కట్టు తప్పారని నాడు ఊరు అనలేదు. వితంతువుకి మళ్లీ పెళ్లి చేసినవాళ్లని మాత్రం వెలివేసింది, ఆ పెళ్లికి 1856లోనే చట్టం ఒప్పుకున్నా సరే. ఇవాళ పద్దెనిమిది నిండని ఆడపిల్లకి పెళ్లి చేయడమే నేరం.

అందుచేత ఫలానావాడు కట్టు తప్పాడని వినగానే, దానివల్ల దెబ్బ ఎవరికి తగిలిందో ముందు అడగండి. డబ్బు పోయిన పిల్లకి తగిలింది, సందేహం లేదు. జుట్టుకి రంగు వేసుకున్నవాడి వల్ల ఎవరికి తగిలింది? వేరే కులం వాణ్ణి పెళ్లాడిన అమ్మాయి వల్ల ఎవరికి తగిలింది?

కట్టు నిలబెట్టే పని చాలామట్టుకు పోలీసులది కాదు. అమ్మ చూపు, వీధిలో అత్తమ్మల మాట, ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న బెరుకు, వీటితోనే ముప్పాతిక పని జరిగిపోతుంది. గట్టు తగువో, మేక చేలో పడ్డ తగువో వస్తే రామకోవెల దగ్గర పెద్దలు కూర్చుని రెండువైపులా విని ‘తప్పు’, అంటే జరిమానా, కట్టిస్తారు. అందులో గొప్ప మేలుంది. తగువు పడ్డవాళ్లు తెల్లారితే ఒకే చెరువు గట్టు మీద ఎదురుపడాల్సినవాళ్లు కాబట్టి, తీర్పు ఇద్దరూ మోయగలిగేలా ఉంటుంది. చెడేది ఎక్కడంటే, కూర్చున్న పెద్దలంతా ఒకే కులం, ఒకే వీధి, అందరూ మగవాళ్లే అయినప్పుడు. అప్పుడు దెబ్బలు తిన్న ఇల్లాలికే సర్దుకుపొమ్మని చెప్పి పంపుతారు. ఇంకా ముదిరితే వెలి: కొట్టులో సరుకు ఇవ్వరు, కూలికి పిలవరు, నీళ్ల దగ్గరికి రానివ్వరు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల మీద అలాంటి బహిష్కారం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెళ్లిని ఆపడానికి పంచాయితీ పెట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

ఇక చట్టం. శిక్ష ఎంత పెద్దదైతే జనం అంత భయపడతారని చాలామంది నమ్మకం. 1764లోనే ఇటలీలో బెక్కారియా అనే ఆయన దీన్ని కాదన్నాడు: శిక్ష కఠినంగా ఉండటం కంటే, తప్పకుండా పడటం ముఖ్యమన్నాడు. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నిలబడితే మీకే తెలుస్తుంది. కానిస్టేబులు కనిపించగానే ట్యాంకు మీది హెల్మెట్ తలకెక్కుతుంది, దాటగానే మళ్లీ దిగుతుంది. జరిమానా రెండుచోట్లా ఒకటే. మారింది దొరికిపోతామన్న భయం.

పేరు అంటించడం చేసే హాని చరిత్రలో రాసి ఉంది. 1871లో బ్రిటిషువాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ, అంటే మన ప్రాంతానికీ, అది వచ్చింది. ఎరుకల వంటి కులాల్లో పుట్టడమే నేరానికి గుర్తయిపోయింది. వేలిముద్రలు, స్టేషన్లో హాజరు, ఊరు దాటాలంటే చీటీ. దొంగ అని రాసి ఉన్నవాడికి పని ఎవరిస్తారు? పని దొరకనివాడు ఏం తింటాడు? 1952లో ఆ చట్టం పోయింది గానీ, ఆ కులాల పేర్లు తిట్లుగా ఇప్పటికీ నోళ్లలో ఉన్నాయి. మీ నోట రానీయకండి. అమెరికాలో లెమర్ట్ అనే సమాజశాస్త్రవేత్త 1951లో దీన్ని రెండు మెట్లుగా విడదీసి చెప్పాడు. మొదటి తప్పుకి కారణాలు వెయ్యి ఉండొచ్చు: ఆకలి, సరదా, పందెం. రెండో మెట్టు వేరు. ఊరు పెట్టిన పేరునే మనిషి తనదిగా ఒప్పేసుకుంటాడు. ఎలాగూ దొంగే అంటున్నారు కదా అని, అలాంటివాళ్లతోనే జట్టు కడతాడు.

ఇప్పటి చట్టానికి ఈ సంగతి తెలుసు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిది లోపువాళ్లకి సంకెళ్లు వేయకూడదు, లాకప్‌లో పెట్టకూడదు. ఇరవై నాలుగు గంటల్లో బాలల న్యాయ బోర్డు ముందు హాజరు పరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వాళ్లలో ఒకరైనా మహిళ ఉండాలి. చిన్న నేరమైతే విచారణ నాలుగు నెలల్లో తేల్చాలి, మహా అయితే ఇంకో రెండు నెలలు. ఆ పిల్లవాడి పేరుగానీ ఫొటోగానీ బయటపెట్టినవాడికి ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టే ముందు ఈ ముక్క గుర్తుకు రావాలి. పెద్దవాళ్ల విషయంలోనూ కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహిత, ఒక దారి ఉంచింది: ఐదు వేల లోపు దొంగతనం, మొదటిసారి, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజసేవ.

ఒక్కచోట మాత్రం చట్టం చాలా గట్టిగా పట్టుకుంటుంది. ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి బ్యాగు. లోపల ఏముందో అడక్కుండా ఇది అక్కడ దింపితే చాలు, నాలుగు వేలు ఇస్తాననేవాడు మీ అవసరం కనిపెట్టే వస్తాడు. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకి తక్కువ కాని శిక్ష. పదహారు నిండినవాణ్ణి పెద్దవాడిగా విచారించాలా అని బోర్డు పరిశీలించే కేసు అది. పంపినవాడు చెక్‌పోస్టు దరిదాపుల్లో ఉండడు. ఎవరైనా అలా అడిగితే మత్తుమందుల ఫిర్యాదుల నంబరు 1972కి ఫోన్ చేయండి. ఇప్పటికే అలవాటు పడ్డ నేస్తం ఉంటే తిట్టకండి. వాడుకున్నందుకో, కొద్దిమొత్తంతోనో పట్టుబడినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి చేరి పూర్తిచేస్తే కేసు విచారణ లేకుండా బయటపడే వీలు ఆ మత్తుమందుల చట్టంలోనే ఉంది.

మళ్లీ ఐదొందల నోటు దగ్గరికి వద్దాం. మేష్టారికి చెప్పండి, స్టాఫ్ రూములో, ఒక్కరే ఉన్నప్పుడు. అందరి ముందూ జేబులు తడమనీయకండి. ఇది ప్రార్థనలో మైకు మీద చెప్పాల్సిన మాట కాదు. గుంజీలు తీయిస్తే వాడికి గుర్తుండేది అవమానమే, ఆ పిల్ల ఏడుపు కాదు. డబ్బు ఆ రోజే తిరిగి ఆమె చేతికి వెళ్లాలి. ఖర్చయిపోయుంటే వాయిదాలు రాసుకోవాలి, వారానికి యాభై అనుకుంటే పది వారాలు. ఎందుకు తీశావని వాణ్ణి, ఏం చేస్తే నీకు సరిపోతుందని ఆమెని, విడివిడిగా అడగాలి. జవాబు పరీక్ష ఫీజు అని వస్తే మేష్టారు చేయాల్సిన పని వేరే ఉంది. పది వారాలయ్యాక ఆ లెక్క కాగితం ఇద్దరి ఎదుటా చింపేయాలి.

ఆ మర్నాడు వాడొచ్చి పక్కన కూర్చుంటాడు. మీ బ్యాగు ఉన్నచోటే ఉండనీయండి.

ప్రేమతో,
మీ తాత